తోలు గ్లౌజులు నెల తిరక్కుండానే ఎందుకు బిగుసుకుపోతున్నాయి?

ప్రశ్న: మాది గాజువాక. మా వారు ఆటోనగర్ దగ్గర చిన్న షెడ్డులో గేట్లు, గ్రిల్స్, మెట్ల రెయిలింగులు తయారు చేస్తారు. ఆయన దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు పని చేస్తున్నారు. ముగ్గురికీ ఒకే రకం తోలు గ్లౌజులు తెస్తున్నాం. నెల తిరక్కుండానే అవి బిగుసుకుపోయి వేళ్ళు వంగడం లేదు. వానాకాలం వస్తే బూజు పడుతోంది. నేను వాటిని సబ్బుపొడితో ఉతికి, మేడ మీద రేకులపై ఆరబెట్టి, కొబ్బరినూనె రాస్తున్నాను. అయినా ఫలితం లేదు. పట్టు చిక్కడం లేదని కుర్రాళ్ళు గ్లౌజులు తీసేసి పని చేస్తున్నారు, డ్రిల్లింగ్ మెషీన్ దగ్గర మాత్రం నేను పట్టుబట్టి వేయిస్తున్నాను. ఈ మధ్య మా వారి అరచేతులు ఎర్రబడి దురద పెడుతున్నాయి. ఏ గ్లౌజులు కొనాలి, వాటిని ఎలా కాపాడుకోవాలి? – ఒక సోదరి, గాజువాక

సమాధానం: అమ్మా, మిగతా విషయాలకు వెళ్ళే ముందు ఒక మాట. డ్రిల్లింగ్ మెషీన్ దగ్గర కుర్రాళ్ళ చేత గ్లౌజులు వేయించడం ఈ రోజే మానిపించండి. మీరు వారి మేలు కోరే చేశారు, కానీ తిరిగే బిట్‌కు గ్లౌజు వేలికొన తగిలిందంటే తోలు చిరిగి వదిలేయదు, చుట్టుకుని చేతినంతా లోపలికి లాగేస్తుంది. ఒట్టి వేలికైతే గీరుకుపోయే చోట గ్లౌజు వేసిన చేతికి వేళ్ళే పోయే ప్రమాదం ఉంది. స్టాండు డ్రిల్లు, లేతు, బల్లకు బిగించిన గ్రైండర్ – ఈ మూడింటి దగ్గర గ్లౌజు వేయకూడదు, ముక్కను చేత్తో పట్టుకోకుండా వైస్‌లోనో క్లాంపుతోనో బిగించి పని చేయాలి. చేత్తో పట్టుకునే యాంగిల్ గ్రైండర్ సంగతి వేరు. దానికి రెండు చేతులూ పిడుల మీదే ఉంటాయి కనుక చేతికి అతుక్కుని ఉండే తోలు గ్లౌజు తగినదే, వేలాడే వెడల్పు కఫ్ (మణికట్టు మీదుగా పైకి వచ్చే గ్లౌజు భాగం), వదులుగా ఊడిన దారాలు మాత్రం ఉండకూడదు.

ఇక బిగుసుకుపోవడం గురించి. మీరు సరుకు మంచిది కాదని అనుకుంటున్నట్టున్నారు. అదీ కొంత ఉండవచ్చు కానీ, మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే అసలు కారణం తడి, వేడి ఒకేసారి తోలుకు తగలడం. తోలు బలమంతా కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగులలో ఉంటుంది. పచ్చితోలును పదును చేసేటప్పుడు ఆ పోగులు కుళ్ళకుండా, వేడికి తేలికగా ముడుచుకోకుండా చేస్తారు. మన వైపు పూర్వం నుంచీ ఉన్న పద్ధతిలో తంగేడు చెక్క, కరక్కాయ వాడేవారు. ఇప్పుడు పనివారి గ్లౌజులకు ఎక్కువగా క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు, అంటే దుకాణాల్లో క్రోమ్ లెదర్ అనేది, వాడుతున్నారు. నీళ్ళలో నానిన తోలును క్రమంగా వేడి చేస్తూ పోతే చెట్టు బెరడుతో పదును చేసింది సుమారు 70 నుంచి 85 డిగ్రీల మధ్యనే ముడుచుకుంటుంది, బాగా పదునైన క్రోమ్ తోలు దాదాపు 100 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. పొడిగా ఉన్నప్పుడు రెండూ అంతకన్నా ఎక్కువ వేడిని ఓర్చుకుంటాయి. విశాఖలో సముద్రపు గాలి తేమకు ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా షెడ్డులో నిలబడితే చాలు చెమట కారుతుంది, పదకొండు గంటలయ్యేసరికి గ్లౌజు లోపల తడిసి ముద్దవుతుంది. ఆ తడి గ్లౌజుతోనే అప్పుడే వెల్డింగ్ చేసిన ముక్కను పట్టుకుని పక్కన పెడతారు. నిప్పు మీద పడిన మాంసం ముక్క ముడుచుకున్నట్టే అరచేతి వైపు తోలు ఆ క్షణంలోనే ముడుచుకుంటుంది. అలా ముడుచుకున్న పోగులు మళ్ళీ సాగవు, ఏ నూనె రాసినా, ఎంత నలిపినా పాత మెత్తదనం రాదు.

మీ వారి పాత జతను ఒకసారి వెలుతురులో పట్టి చూడండి. బిగుసు అంతటా సమానంగా ఉందా, లేక బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొసల దగ్గర, అరచేయి మధ్యలో మాత్రమే తోలు మెరుస్తూ, కుంచించుకుని, నల్లబడి ఉందా? రెండోదైతే అది వేడి ముక్క పట్టుకున్న గుర్తే. చాలామందికి ఎడమచేతి గ్లౌజు ముందు పాడవుతుంది, ఎందుకంటే కుడిచేతిలో వెల్డింగ్ రాడ్డును పట్టి ఉంచే హోల్డర్ ఉంటే ముక్కను సర్దేది ఎడమ చేయి. అంతటా సమానంగా అట్టకట్టి ఉంటే తప్పు ఉతకడంలో, ఆరబెట్టడంలో ఉంది.

వేడి ముక్క విషయంలో కంటిని నమ్మకూడదు. ఇనుము చీకట్లోనైనా మందంగా ఎర్రగా కనిపించాలంటే సుమారు 500 డిగ్రీలు దాటాలి, 300 డిగ్రీల ముక్క చల్లటి ముక్కలాగే నల్లగా ఉంటుంది. యూరప్ ప్రమాణాల్లో వేడికి సంబంధించిన ఈఎన్ 407 అనే గుర్తులో, తాకిడి వేడికి మొదటి స్థాయి అంటే 100 డిగ్రీల వస్తువును, రెండో స్థాయి అంటే 250 డిగ్రీల వస్తువును కనీసం 15 సెకన్లు పట్టుకున్నా చేతికి బాధ కలిగించేంత వేడి లోపలికి చేరకూడదని అర్థం. ఆ పరీక్షలు జరిగేవి పొడి గ్లౌజు మీద. చెమటతో తడిసినప్పుడు వేడి త్వరగా లోపలికి దిగుతుంది, లోపలి తడి ఆవిరై చేతిని కాల్చనూ వచ్చు. కాబట్టి ఎంత ఖరీదైన వెల్డింగ్ గ్లౌజైనా అది నిప్పురవ్వల నుంచి, స్పాటర్ (ఎగిరిపడే కరిగిన లోహపు చుక్కలు) నుంచి, ఆర్క్ కాంతి (వెల్డింగ్ మెరుపు) నుంచి కాపాడడానికే ఉంది గానీ వేడి ఇనుము మోయడానికి లేదు. షెడ్డులో ప్రతి వెల్డింగ్ బల్ల దగ్గరా ఒక పట్టుకారు వేలాడదీయించండి. కొత్త గ్లౌజుల కన్నా ముందు కొనవలసింది అదేనని నా నమ్మకం.

ఇప్పుడు మీరు చేస్తున్న మూడు పనులు. సబ్బుపొడికి క్షారగుణం ఎక్కువ. తోలు పదును చేసేటప్పుడు పోగులు ఒకదానిపై ఒకటి జారడానికి అందులో నూనెలు ఎక్కిస్తారు, సబ్బుపొడి ఆ నూనెలను లాగేస్తుంది. ఆపైన రేకుల మీద ఎండలో పెట్టగానే నీరు వేగంగా ఆవిరై, నూనె లేని పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఎండాకాలంలో రేకు చేయి పెట్టలేనంత కాలుతుంది కదా, తడి తోలు దాని మీద పడితే కింది వైపు ముడతలు పడడం ఖాయం.

కొబ్బరినూనె విషయంలో గట్టిగానే చెప్పాలి. వెల్డింగ్‌కు, గ్యాస్ కటింగ్‌కు వాడే గ్లౌజులకు ఏ నూనే రాయవద్దు. నూనె పీల్చిన తోలు మీద రవ్వ పడితే అంటుకుంటుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఆక్సిజన్ సిలిండర్ దగ్గర ఉంది. ఒత్తిడితో ఉన్న ఆక్సిజన్‌కు నూనె, గ్రీజు తగిలితే మంట పెట్టకుండానే అంటుకుని పేలవచ్చు, అందుకే వాల్వు, రెగ్యులేటర్ నూనె చేతులతో గాని నూనె గ్లౌజులతో గాని ముట్టుకోకూడదని గ్యాస్ కటింగ్ నేర్పేటప్పుడు మొదటి పాఠంగా చెబుతారు. మీ ఇంట్లో ఇప్పటికే నూనె రాసిన జతలు ఉంటే వాటిని షెడ్డులోకి పంపకండి, ఇంటి దగ్గర ముళ్ళకంపలు కొట్టుకోవడానికో తోటపనికో వాడుకోండి.

గ్లౌజుల ఎంపికలో ముగ్గురికీ, అన్ని పనులకూ ఒకే రకం కొనడమే మీకు నష్టం తెస్తోంది. మామూలు రాడ్డు వెల్డింగ్‌కు కావలసింది స్ప్లిట్ తోలు గ్లౌజు. పశువు చర్మాన్ని మందం వెంట రెండు మూడు పొరలుగా చీలుస్తారు. వెంట్రుకలు ఉన్న పైపొర నునుపుగా, దట్టంగా ఉండి గ్రెయిన్ తోలు అవుతుంది, కింది పొర గరుకుగా, నూగుగా ఉండి స్ప్లిట్ అవుతుంది. స్ప్లిట్ చవక. మందంగా ఉన్నది రవ్వలను, కాంతి వేడిని బాగా ఓర్చుకుంటుంది, కాని చిన్న వస్తువు పట్టుకుంటే చేతికి తెలియదు. దీనికి కఫ్ ముంజేతి సగం దాకా రావాలి. బజారులో 14 అంగుళాలవని అడిగితే ఇస్తారు. షర్టు చేతికి, కఫ్‌కు మధ్య ఖాళీ ఉండకూడదు, ఆర్క్ కాంతికి మణికట్టు చర్మం ఎండకు కమిలినదాని కన్నా ఘోరంగా కమిలిపోతుంది.

కుట్టు చూడడం మర్చిపోవద్దు. నూలు దారం రవ్వలకు కాలిపోతుంది, నైలాన్ దారం కరిగిపోతుంది, తోలు బాగానే ఉన్నా వేళ్ళు విచ్చుకుంటాయి. కెవ్లార్ రకం దారంతో కుట్టినవి, అందులోనూ కుట్టు బయటికి కనిపించకుండా మధ్యలో సన్నని తోలు పట్టీ వేసి కుట్టినవి ఎంచుకోండి. అదనంగా పెట్టే డబ్బు దీనికే పెట్టడం మేలు.

ఆర్గాన్ వెల్డింగ్ చేస్తే, స్టెయిన్‌లెస్ రెయిలింగులకు చేస్తూనే ఉంటారు కనుక, సన్నని మేకతోలు గ్రెయిన్ గ్లౌజు వేరే ఉండాలి. ఎడమచేత్తో ఫిల్లర్ రాడ్డును, అంటే అతుకులో కరిగించి నింపే సన్నని కడ్డీని, వేళ్ళ మధ్య జరుపుతూ పోవాలి, స్ప్లిట్ గ్లౌజుతో అది సాధ్యం కాదు. మేకతోలు సన్నగా ఉన్నా చిరగడానికి బాగా ఓర్చుకుంటుంది. వెల్డర్ల గ్లౌజులకు ఉన్న ఈఎన్ 12477 ప్రమాణంలో టైప్ ఏ అంటే మందం, రక్షణ ఎక్కువ, టైప్ బీ అంటే వేళ్ళ కదలిక ఎక్కువ. ఆర్గాన్ పనికి టైప్ బీ సరిపోతుంది. మీ కుర్రాళ్ళు పట్టు చిక్కడం లేదంటున్నది బద్ధకంతో కాకపోవచ్చు. మందపు స్ప్లిట్ గ్లౌజుతో కొలత గీయడం, బోల్టు ఎక్కించడం, రెయిలింగు అలంకారం ముక్కలు అమర్చడం ఎవరివల్లా కాదు. ఆ పనులకు వారికి సన్నని గ్రెయిన్ తోలు గ్లౌజు ఇవ్వండి, తీసేయమన్నా తీయరు.

రేకులు, షీట్లు ఎత్తే పనికి మాత్రం తోలు మందాన్ని నమ్ముకోకండి. తోలు రాపిడికి, గీతలకు బాగా ఆగుతుంది, కత్తిలా పదునున్న షీటు అంచు జారితే అంతగా ఆగదు. యూరప్ ప్రమాణమైన ఈఎన్ 388 గుర్తు, అంటే సుత్తి బొమ్మ, గ్లౌజు మీద ఉంటే దాని కింద వరుసగా నాలుగు అంకెలు ఉంటాయి. మొదటిది రాపిడి, రెండోది బ్లేడు కోత, మూడోది చిరుగు, నాలుగోది పోటు. కోతకు గరిష్ఠం 5, మిగతా మూడింటికి 4. 2016లో మార్చిన తరువాత వాటి పక్కన మరో కోత పరీక్షకు ఏ నుంచి ఎఫ్ దాకా ఒక అక్షరం కూడా వేస్తున్నారు. ఏదైనా చోట ఎక్స్ అని ఉంటే ఆ పరీక్ష చేయలేదని అర్థం. షీటు పనికి రెండో అంకెనూ ఆ చివరి అక్షరాన్నీ చూడండి, కోతకు ఆగే అల్లిక పొర లోపల ఉన్న తోలు గ్లౌజు దొరికితే అదే కొనండి. మన దేశంలో తోలు, నూలు గ్లౌజులకు ఐఎస్ 6994 అనే ప్రమాణం ఉంది. గుర్తు ముద్రించి ఉన్నంత మాత్రాన సరిపోదు, తయారీదారు పేరు, సైజు కూడా దాని పక్కనే ఉన్నాయో లేదో చూడాలి.

ఆటోనగర్, గాజువాక దుకాణాల్లో ఏ గుర్తూ లేని గ్లౌజులే ఎక్కువగా కనిపిస్తాయి. వాటిలోనూ మంచివి ఉంటాయి, చేత్తో పరీక్షించుకోవాలి. కఫ్ అంచున తోలు కోసిన చోట పోగులు దట్టంగా ఉన్నాయా, దూదిలా విచ్చుకుంటున్నాయా చూడండి. అరచేతి భాగాన్ని మడిచి బొటనవేలితో నొక్కండి, మడత మీద సన్నని పగుళ్ళు కనిపిస్తే వద్దు. తడి తెల్లగుడ్డతో లోపలా బయటా రుద్దండి, రంగు బాగా అంటితే అదే రంగు చెమటతో కలిసి మీ వారి చేతికి ఎక్కుతుంది. గ్లౌజును లోపలి వైపు తిప్పి వేలికొసల దగ్గర కుట్లు దాటిపోయాయేమో చూడండి. బొటనవేలు విడిగా కోసి, ముందుకు వాలేలా కుట్టినది చేతి సహజమైన పట్టుకు సరిపడుతుంది.

అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యం చేసేది సైజు. చాలా దుకాణాల్లో అందరికీ ఒకటే సైజు అంటారు, పెద్ద చేతికి సరిపోయేలా కుట్టి అమ్ముతారు. దర్జీ టేపుతో బొటనవేలు వదిలేసి అరచేయి చుట్టూ వేళ్ళ మొదళ్ళ కణుపుల కిందుగా కొలవండి, మధ్యవేలి కొస నుంచి మణికట్టు దాకా పొడవు కూడా తీసుకోండి. చుట్టుకొలత 203 మిల్లీమీటర్లు, పొడవు 182 ఉంటే 8వ సైజు. 229, 192 ఉంటే 9, 254, 204 ఉంటే 10. కొలతలు రెండిటి మధ్య పడితే రాడ్డు వెల్డింగ్‌కు పెద్దది, సన్నని పనికి చిన్నది తీసుకోండి. వేలికొస దాటి తోలు మిగిలితే అది మడత పడి పట్టు చెడగొడుతుంది, రవ్వకూ అదే ముందు దొరుకుతుంది. మీ కుర్రాళ్ళ చేతులు మీ వారి చేతుల కన్నా చిన్నవైతే, ఇన్నాళ్ళూ వారు గ్లౌజులు తీసేయడానికి సగం కారణం ఇదే అయి ఉండవచ్చు.

మీ వారి అరచేతుల దురదను తేలికగా తీసుకోవద్దు. రోజంతా చెమటలో నానినందుకే అలా కావచ్చు, లేదా తోలులోని క్రోమియం పడకపోయి ఉండవచ్చు. పదునుకు వాడేది క్రోమియం–3 అనే రూపం, అది అంతగా హాని చేయదు. పదును సరిగా చేయని తోలులో, లేదా తోలు అధిక వేడికి, ఎండకు గురైనప్పుడు, అందులో కొంత క్రోమియం–6 అనే ఆరో రూపంలోకి మారుతుంది, చర్మానికి అలర్జీ తెప్పించేది అది. అందుకే యూరప్‌లో ఈ ఆరో రూపానికి కిలో తోలుకు 3 మిల్లీగ్రాముల పరిమితి పెట్టారు. రేకుల మీద ఎండబెట్టడం మానడానికి ఇది మరో కారణం. సిమెంటులోనూ ఈ ఆరో రూపం క్రోమియం ఉంటుంది కనుక, గేటు బిగించడానికి తడి సిమెంటు ముట్టుకున్న రోజుల్లో దురద పెరుగుతోందేమో గమనించండి. ఆ పనికి తోలు గ్లౌజు అసలు పనికిరాదు, సిమెంటు నీళ్ళు పీల్చి చర్మానికి అంటిపెడుతుంది, రబ్బరు గ్లౌజు వేయాలి. కె.జి.హెచ్. (విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి)లోనో మీకు దగ్గర్లోనో చర్మ వైద్యులకు చూపించి, ఆయన చేసే పని, వాడే గ్లౌజు రెండూ చెప్పండి. వీపు మీద చిన్న పట్టీలు అంటించి 48 గంటల తరువాత తీసి చూసే పరీక్ష చేస్తే క్రోమియమా, నికెలా అన్నది తేలుతుంది. అంతవరకు లోపల పల్చని నూలు గ్లౌజు వేసుకుని పైన తోలుది వేసుకోమనండి, నూలువి రోజూ ఉతుక్కోవచ్చు. నైలాన్, పాలిస్టర్ లోపలి గ్లౌజులు వెల్డింగ్ దగ్గర వద్దు, కరిగి చర్మానికి అతుక్కుంటాయి.

చెమట మాటకు వస్తే విద్యుత్తు సంగతి కూడా చెప్పాలి. రాడ్డు మార్చేటప్పుడు హోల్డర్ కొసన 60 నుంచి 80 వోల్టుల దాకా ఉండవచ్చు. పొడి తోలు దానిని ఆపుతుంది, ఉప్పు చెమటలో నానిన తోలు ఆపదు. మధ్యాహ్నం తరువాత మీ వారికి చేతులు జిల్లుమంటున్నాయంటే అది మామూలే అనుకోవద్దు. అందుకే ఒక్కొక్కరికీ రెండు జతలు ఇచ్చి, భోజనం వేళకు మార్చుకోమనండి. ఖర్చు రెట్టింపు అనిపిస్తుంది, కాని రెండు జతలూ మార్చి మార్చి వాడితే వాటి ఆయుష్షు విడివిడిగా వాడినప్పటి కన్నా పెరుగుతుంది, ఎందుకంటే తోలు లోపలి దాకా ఆరడానికి ఒక రాత్రి మన ఊళ్ళో చాలదు. పైగా చెమట ఉప్పు తోలులో మిగిలితే అది గాలిలో తేమను మళ్ళీ లాక్కుంటుంది.

కనుక ఉతకడం మానేసి ఇలా చేయండి. సాయంత్రం గ్లౌజులను ఒకదానికొకటి దులిపి, స్లాగ్ పొడి (వెల్డింగ్ అతుకు మీద కట్టే పెంకు పొడి), ఇనుప రజను గరుకు బ్రష్‌తో రాలగొట్టండి. వారానికోసారి నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో లోపలా బయటా తుడవండి, ఉప్పు పోవడానికి అది చాలు. వేళ్ళను చేత్తో లాగి ఆకారంలోకి తెచ్చి, కఫ్ కిందికి ఉండేలా నిలువు కర్రల మీద తొడిగి, నీడలో ఫ్యాను గాలికి వదలండి. తడి తోలు పూర్తిగా ఆరకముందే, కొంచెం చెమ్మ ఉండగా, ఒకసారి వేళ్ళు వంచి నలిపితే పోగులు అతుక్కోవు. ప్లాస్టిక్ కవర్లో, టూల్‌బాక్స్‌లో, బైకు డిక్కీలో మూసి పెట్టకండి, బూజు పుట్టేది అక్కడే. వెల్డింగ్‌తో, గ్యాస్‌తో సంబంధం లేని గ్రెయిన్ గ్లౌజులకు మాత్రం రెండు మూడు నెలలకోసారి తేనెమైనం కలిసిన లెదర్ క్రీము చాలా పల్చగా రాసి, మిగిలినది తుడిచేయవచ్చు.

బూజు కనిపిస్తే ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట పొడి బ్రష్‌తో రాలగొట్టి, తెల్ల వెనిగరు, నీళ్ళు సమంగా కలిపి గుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టండి. లోపలి గుడ్డ పొరలోకి బూజు దిగితే ఆ జతను ఉంచుకోవద్దు. అలాగే అరచేతి తోలు పల్చబడి మెరుస్తున్నా, వేలికొస కుట్టు విడినా, పిడికిలి బిగించడానికి బలం పెట్టవలసి వస్తున్నా అది మారే సమయం. రెండు జతలూ ఒకే రకం, ఒకే సైజు కొంటే ముందుగా పోయే ఎడమచేతి గ్లౌజు స్థానంలో రెండో జతలోది కొన్నాళ్ళు వాడుకోవచ్చు. ఆ తరువాత ఎడమచేతివి మాత్రమే విడిగా అమ్మే దుకాణం దొరుకుతుందేమో ఆటోనగర్‌లో అడిగి చూడండి, కొన్ని కంపెనీలు అలా తయారు చేస్తాయి.